మార్క్‌డౌన్ పాఠాన్ని హెచ్ఎల్ఎస్ వీడియోగా మార్చడం ఎలా?

హెచ్ఎల్ఎస్ అంటే వీడియోని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఫోనుకి పంపే పద్ధతి. ఫోన్లో ఆగి ఆగి నడిచే హెచ్ఎల్ఎస్ వీడియోల్లో కొన్నిటికి జబ్బు ముక్కలు కోసే దగ్గర ఉండదు, అంతకు ముందే పట్టుకుంటుంది. పలాస జీడిపప్పు పరిశ్రమలో కొత్తగా చేరినవాళ్లకి డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320 గ్రేడులు నేర్పే పాఠం మార్క్‌డౌన్‌లో, అంటే చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు చూపే మామూలు టెక్స్ట్ ఫైల్లో, ఉందనుకుందాం. అంకె పెరిగేకొద్దీ పప్పు సైజు తగ్గుతుంది, ఎందుకంటే అది పౌనుకి తూగే పలుకుల లెక్క. ఇలాంటి పాఠానికి గ్రేడుకొక స్లైడు చాలు.

స్లైడుకీ స్లైడుకీ మధ్య మూడు హైఫన్లు పెట్టండి. వాటి పైన ఖాళీ లైను తప్పనిసరి. లేకపోతే పై వాక్యం శీర్షికైపోతుంది, స్లైడు విడదు. తర్వాత మార్క్‌డౌన్‌ని స్లైడులుగా మార్చే మార్ప్ అనే సాధనంతో అన్నిటినీ పీఎన్‌జీ బొమ్మలుగా తీయండి. సైజు మామూలుగా 1280×720 వస్తుంది. అక్షరాలు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో (బొమ్మలు, ఆడియో కలిపి వీడియో చేసే సాధనం) నేరుగా వీడియో మీద రాయించొద్దు: పాత వెర్షన్లలో వత్తులు, గుణింతాలు విడిపోతాయి. మార్ప్ వెనక క్రోమ్ ఉంటుంది కనుక ఆ బాధ లేదు, నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఉంటే చాలు. అక్షరం 40 పిక్సెళ్లకు తగ్గనివ్వకండి. నెట్ తగ్గి వీడియో 360పీకి దిగితే అది సగమవుతుంది, వత్తులు అలుక్కుపోతాయి. పెద్ద పట్టిక స్లైడు దాటితే దానంతటది కుదించుకోదు, అంచు తెగిపోతుంది.

స్లైడుకొక ఆడియో రికార్డు చేసి, అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్ మోనోకి మార్చాకే కలపండి. ఒక్కో ఆడియో నిడివిని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో చూసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇచ్చే బొమ్మల జాబితా ఫైల్లో బొమ్మ పేరు కింద ఆ నిడివి రాయండి. చివరి బొమ్మని రెండోసారి కూడా రాయాలి, లేకపోతే దాని నిడివి లెక్కలోకి రాదు.

అసలు కిటుకు ఎన్‌కోడింగ్‌లో ఉంది. ముక్క కీఫ్రేమ్ (ముందు ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి బొమ్మ) దగ్గరే తెగుతుంది. వీడియోని కుదించే ఎక్స్264కి మనం ఏమీ చెప్పకపోతే అది 250 ఫ్రేముల దాకా కీఫ్రేమ్ పెట్టకపోవచ్చు. సెకనుకి 25 ఫ్రేములంటే 10 సెకన్లు. మీరు 6 సెకన్ల ముక్క అడిగినా 10 సెకన్లది రావచ్చు. అందుకని ఫ్రేమ్‌రేటు 25 అని గట్టిగా చెప్పి, కీఫ్రేమ్ దూరం 50 పెట్టి, సీన్ మార్పు గుర్తింపు సున్నా చేయండి. 720పీకీ 360పీకీ ఇవే విలువలు ఉండాలి, లేకపోతే క్వాలిటీ మారినప్పుడల్లా వీడియో కుదుపుతుంది. పిక్సెల్ ఫార్మాట్, అంటే రంగుల్ని దాచే తీరు, వైయూవీ420పీ అని తప్పక ఇవ్వండి. పీఎన్‌జీ నుంచి వైయూవీ444పీ వచ్చేస్తే చాలా ఫోన్లలో ఆడదు. ఆడియోకి ఏఏసీ ఫార్మాట్ ఇవ్వండి.

హెచ్ఎల్ఎస్ ముక్కలు కోసేటప్పుడు ముక్క నిడివి 6 సెకన్లు, ప్లేలిస్టు (ముక్కల జాబితా) రకం వీఓడీ, అంటే ముందే పూర్తయిన వీడియో, జాబితా పరిమితి 0 అని ఇవ్వండి. చివరి రెండూ మరిచిపోతే జాబితాలో చివరి 5 ముక్కలే మిగులుతాయి, పాఠం మధ్యలోంచి మొదలవుతుంది.

ఆ ప్లేలిస్టు ఉండే ఎం3యూ8 ఫైలుని క్లిక్ చేసి పరీక్షించకండి. పైథాన్ సర్వర్ మీద పెట్టి, బ్రౌజర్లో హెచ్ఎల్ఎస్ ఆడించే హెచ్ఎల్ఎస్ జేఎస్‌తో చూడండి. ఒకసారి ఫోన్ని 2జీకి మార్చి, 360పీలో డబ్ల్యూ240 స్లైడు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.