తిరుపతిలో పెద్దవారు తప్పిపోతే ప్రకటన ఎలా రాయాలి, ఎవరెవరికి చేర్చాలి

మతిమరపు వ్యాధి ఉన్న పెద్దవారు కనిపించకుండా పోయినప్పుడు చాలా కుటుంబాలు మొదటి రెండు మూడు గంటలను "ఎక్కడికి పోతారు, వచ్చేస్తార్లే" అనే ధీమాతోనో, నలుగురికీ తెలిస్తే బాగుండదన్న మొహమాటంతోనో పోగొట్టుకుంటాయి. తిరుపతిలో ఆ గంటలు మరీ విలువైనవి. బస్టాండులో నిలబడిన మనిషి ఎవరూ ఆపకపోతే ఏ చెన్నై బస్సో, బెంగళూరు బస్సో ఎక్కి మధ్యాహ్నానికల్లా పొరుగు రాష్ట్రంలో ఉండవచ్చు.

అమెరికాలో 1996లో టెక్సాస్‌లో అపహరణకు గురై హత్యకు గురైన ఒక బాలిక పేరిట తప్పిపోయిన పిల్లల కోసం ఆంబర్ అలర్ట్ అనే హెచ్చరిక వ్యవస్థ పుట్టింది. ఆ తర్వాత అనేక రాష్ట్రాలు వృద్ధుల కోసం సిల్వర్ అలర్ట్ పెట్టుకున్నాయి. 18 నుంచి 64 ఏళ్ల మధ్యవారి కోసం 2018 చివర్లో మరో చట్టం వచ్చింది. పోలీసులు వివరాలు సరిచూసి ప్రకటిస్తే రహదారి బోర్డుల మీద, వార్తల్లో ఆ సమాచారం కనిపిస్తుంది. మన దేశంలో తప్పిపోయిన పెద్దల కోసం అలాంటి వ్యవస్థ లేదు. 2023లో మన ఫోన్లను ఒక్కసారిగా మోగించిన ప్రయోగం విపత్తు హెచ్చరికల కోసం చేసినది. కాబట్టి ఇక్కడ అత్యవసర నంబరు 112, పోలీసు స్టేషను, కొండ మీది మైకు, రైల్వే, వాట్సాప్ అనే విడివిడి దారులను కుటుంబమే కలుపుకోవలసి ఉంటుంది. అన్నిటికీ ఒకే ప్రకటన చేరితేనే వాటి వల్ల ప్రయోజనం.

అందుకు కావలసినవి ప్రయాణానికి ముందే సిద్ధం చేసుకోవాలి. ఆధార్ కార్డులోని పాత ఫొటో చూసి మనిషిని గుర్తుపట్టడం కష్టం. బయల్దేరిన రోజు ఉదయం, ఆ రోజు కట్టుకున్న బట్టలతో, తల నుంచి కాళ్ల దాకా కనిపించేటట్టు ఒక ఫొటో తీయండి. కల్యాణకట్టలో గుండు చేయించిన వెంటనే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి మళ్లీ తీయండి. కొండ మీద ఎటు చూసినా గుండ్లే, గంధం పూసిన తలలే. తెల్లని జుట్టు, కోరమీసం ఉన్న ఫొటో పట్టుకొని వెతికేవారికి ఎదురుగా కూర్చున్న మనిషి కూడా కనిపించడు. ఇది ఈ ఊరికి ప్రత్యేకమైన చిక్కు, పరదేశపు సూచనల్లో ఎక్కడా ఉండదు. దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్లు డిపాజిట్ చేయాలి కనుక, పేరూ రెండు ఫోన్ నంబర్లూ రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బొడ్లో దోపుకొనే వక్కాకు తిత్తిలోనో, చొక్కా లోపలి జేబులోనో ఉంచాలి. తిత్తిని పెద్దవాళ్లు అంత సులభంగా వదిలిపెట్టరు.

మనిషి కనిపించలేదని తేలిన వెంటనే, చివరిగా చూసిన చోట ఒకరు కదలకుండా ఉండాలి; దారి తప్పినవారు తిరిగి అక్కడికే రావచ్చు. రెండోవారు 112కు ఫోన్ చేసి, దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లాలి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ఎవరైనా అలా అంటే, జబ్బు పేరు, వేసుకునే మందులు, మందు వేళ దాటితే వచ్చే ప్రమాదం కాగితం మీద రాసి, డాక్టరు చీటీ నకలు జతచేసి ఇవ్వండి. "మా నాన్న కనిపించడం లేదు" అనే మాటకూ, "ఇన్సులిన్ తీసుకునే, దారి గుర్తులేని మనిషి ఉదయం నుంచి ఏమీ తినకుండా తిరుగుతున్నారు" అనే మాటకూ వచ్చే స్పందన ఒకటి కాదు. కేసు నమోదైతే నంబరు అడిగి తీసుకోండి. మానసిక అస్వస్థతతో ఆలనాపాలనా లేక తిరుగుతున్నవారు దొరికినప్పుడు తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి, వారి కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుదేనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ చెబుతోంది.

ఇక ప్రకటన పాఠం. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. "మా అమ్మ తప్పిపోయింది, దయచేసి అందరికీ షేర్ చేయండి" అనే సందేశంలో వెతికేవారికి పనికివచ్చే మాట ఒక్కటీ లేదు. ఇలా రాయండి:

"తప్పిపోయిన పెద్దావిడ, వయసు 72. జూలై 14 మంగళవారం ఉదయం 9.40కి తిరుపతి ఆర్టీసీ బస్టాండులో చివరిగా కనిపించారు. గుండు, తలకు గంధం. ఆకుపచ్చ నేతచీర, ఎర్ర రవిక, కాళ్లకు చెప్పులు లేవు. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తారు. మతిమరపు ఉంది, ఊరు అడిగితే పుట్టింటి ఊరు చెబుతారు. తెలుగు, తమిళం మాట్లాడతారు. 'జేజీ' అని పిలిస్తే పలుకుతారు. కనిపిస్తే కూర్చోబెట్టి నీళ్లిచ్చి 112కు ఫోన్ చేయండి."

తేదీ, వేళ లేని సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. నడక తీరు ఎందుకంటే, చీర మీద శాలువా కప్పుకోవచ్చు గానీ నడక మారదు. పుట్టింటి ఊరి సంగతి ఎందుకంటే, కనిపించినవారు ఆమె చెప్పిన ఊరికి బస్సెక్కించి పుణ్యం చేశామనుకొనే ప్రమాదం ఉంది. ఇంటి చిరునామా, ఆధార్ నంబరు, ఒంటి మీది బంగారం వివరాలు బహిరంగ ప్రకటనలో రాయవద్దు. అవి పోలీసులకు మాత్రమే చెప్పాలి. బహుమతి సొమ్ము ప్రకటిస్తే మోసగాళ్లు ముందు ఫోన్ చేస్తారు. "మీవారు మా దగ్గర ఉన్నారు, దారిఖర్చు పంపండి" అన్నవారిని వీడియో కాల్‌లో మనిషిని చూపమనండి; అంతవరకు ఒక్క రూపాయి పంపవద్దు.

తిరుమలలో అయితే దేవస్థానం ప్రసార విభాగం మైకుల్లో తప్పిపోయినవారి గురించి పలు భాషల్లో ప్రకటిస్తుంది. తమిళ, కన్నడ యాత్రికుల చెవిన పడడానికి అదే పెద్ద దారి. ఉచిత బస్సుల సిబ్బందికీ, అలిపిరి తనిఖీ కేంద్రంలో భద్రతా సిబ్బందికీ ఫొటో చూపించండి. కొండకు అలిపిరి, శ్రీవారి మెట్టు అని రెండు నడకదారులు ఉన్నాయి కనుక రెండు వైపులా మనిషిని పంపాలి. కింద బస్టాండు విచారణ కేంద్రంలోని మైకు, రైల్వే పోలీసులు, రైల్వే సహాయవాణి 139, ఆపైన రేణిగుంట జంక్షన్‌కు సమాచారం చేరాలి. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో పేరు అడిగి ఊరుకోకుండా, పేరు తెలియకుండా చేరినవారెవరైనా ఉన్నారా అని అడగండి.

అలాంటివారు మీకు ఎదురైతే "మీ ఇల్లెక్కడ?" అని పదిసార్లు అడిగి కంగారుపెట్టకండి. "అవ్వా, కాసేపు కూర్చోండి" అని నీడన కూర్చోబెట్టి, పిల్లల పేర్లు, ఊరి దేవత పేరు మెల్లగా అడగండి. సంచిలో బస్సు టికెట్టు ఉంటే ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. తర్వాత 112కు గానీ, వృద్ధుల సహాయవాణి 14567కు గానీ ఫోన్ చేసి, ఎవరైనా వచ్చేవరకు పక్కనే ఉండండి.

మనిషి దొరికిన తర్వాత ముందుగా స్టేషనుకు, ఆ తర్వాత మైకు వారికీ, రైల్వేకూ తెలియజేసి, సందేశం పంపిన ప్రతి గ్రూపులోనూ "దొరికారు, పాత సందేశం, ఫొటో తొలగించండి" అని తేదీ, వేళతో సహా రాయాలి. చీటీ తడిసిపోయి ఉంటే అదే రోజు కొత్తది రాసి తిత్తిలో పెట్టండి.