తుఫాను సాయంత్రం సముద్రం ఫొటో తీయాలా? ముందు సూర్యుడికి వీపు తిప్పండి

వానాకాలం సాయంత్రం వైజాగ్ ఆర్కే బీచ్‌లో చూడండి, ట్రైపాడ్ మోసుకొచ్చిన వాళ్లలో సగం మంది రోడ్డు వైపు తిరిగి బిల్డింగుల సందుల్లోంచి సూర్యుడు ఎక్కడ కనిపిస్తాడా అని వెతుకుతుంటారు. మనది తూర్పు తీరం అండీ. సముద్రంలో మునిగే సూర్యుడే కావాలంటే గోకర్ణకో గోవాకో టికెట్ కొనుక్కోండి. ఇక్కడ అసలు తమాషా నీళ్ల మీద జరుగుతుంది. మధ్యాహ్నం కొండల మీద కట్టిన ఉరుముల మబ్బు చాలాసార్లు సాయంత్రానికి తీరం దాటి సముద్రం మీదకి పోతుంది, దాని వెనక పడమట కాస్త తెరిపి ఇచ్చిందంటే దిగిపోతున్న సూర్యుడి వెలుగు అడ్డంగా వచ్చి ఆ నల్ల మబ్బుకి కొడుతుంది, అప్పుడు చూడాలి ఆ రంగు. ఇంద్రధనుస్సు పడినా అటే పడుతుంది, అదెప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే కదా.

కాబట్టి మొదటి పని, పడమట సందు ఉందా లేదా చూసుకోవడం. నాలుగు గంటలకి వాతావరణ శాఖ సైట్‌లో వైజాగ్ రాడార్, శాటిలైట్ బొమ్మ రెండూ తెరవండి. మబ్బు తీరం దాటుతూ వెనకాల ఖాళీ కనిపిస్తే బయల్దేరండి, అరకు దాకా తెల్లగా మూసేసి ఉంటే ఇంట్లో పకోడీలు వేసుకోండి, మీకు బూడిద రంగు తప్ప ఏమీ దొరకదు. వాయుగుండం తీరం దాటే రోజు ఎలాగూ ఇంతే, అందుకే దానికి ముందు రోజో మర్నాడో మేలు. నా రూలు ఒకటే, రేవులో మూడో నంబరు దాటి హెచ్చరిక ఎగరేస్తే కెమెరా బీరువాలోనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా ఏదైనా ఫర్వాలేదు, వైడ్ లెన్స్ ఒకటి, ట్రైపాడ్, హోటల్ గదుల్లో ఇచ్చే షవర్ క్యాప్ ఒకటి (వేలకి వేలు పోసి కొనే రెయిన్ కవర్ కన్నా ఇదే నయం), మెత్తని గుడ్డలు నాలుగు, చిన్న సీసాలో మంచినీళ్లు. ఉప్పు తుంపర పడ్డ లెన్స్‌ని పొడిగుడ్డతో రుద్దితే జిడ్డు మొత్తం పరుచుకుంటుంది, ముందు ఒక గుడ్డ తడిపి తుడిచి, తర్వాత పొడిది వాడాలి. పోలరైజర్ (నీటి మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు తిప్పే ఫిల్టర్) పెట్టుకొస్తే తీసేయండి, అది ఒక కోణంలో తిరిగిందంటే ఇంద్రధనుస్సు మాయమైపోతుంది.

చోటు కూడా పెద్ద విషయం కాదు. ఆర్కే బీచ్‌లో అయితే డాల్ఫిన్ నోస్ కొండని కుడి అంచున పెట్టండి, మబ్బు ఎంత పెద్దదో దాని పక్కనే తెలుస్తుంది. తెన్నేటి పార్కు రాళ్లు బాగుంటాయి కానీ పాచి, జాగ్రత్త. యారాడకి మూడు వైపులా కొండలు కాబట్టి నీడ తొందరగా పడిపోతుంది, నాకు నచ్చదు. ఎక్కడైనా సరే, వెళ్లగానే ట్రైపాడ్ పాతేయకుండా ఒక పావుగంట కెరటాలు చూడండి, రాయి మీద తడి ఎంతవరకు ఉందో అంతవరకు నీళ్లొచ్చినట్టే, దానికి ఇంకా పైనే నిలబడాలి. పోటు టైమా ఆటు టైమా కనుక్కోండి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరికలు ఇస్తుంది, అవి కూడా చూడండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే అన్నీ వదిలేసి ఏదైనా బిల్డింగు లోపలికి పోండి, ఇనప కాళ్ల ట్రైపాడ్ పక్కన నిలబడే వీరత్వం వద్దు.

ఇక అందరూ పాడుచేసే దగ్గరికి వద్దాం, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న లెక్క. మబ్బు ఎర్రగా వెలిగినప్పుడు కెమెరాలో కనిపించే తెల్ల హిస్టోగ్రాం (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా ఫొటోలో ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) మిమ్మల్ని మోసం చేస్తుంది. అది మూడు రంగులూ కలిపి చూపించే లెక్క, అందులో ఆకుపచ్చదే పెద్ద వాటా, అందుకే అది హాయిగా మధ్యలో కూర్చున్నట్టు ఉంటుంది, లోపల ఎరుపు మాత్రం ఎప్పుడో కుడి గోడకి కొట్టేసి ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే మబ్బు అంచుల్లో మడతలు ఉండవు, నారింజ రంగు పెయింట్ పూసినట్టు చదునుగా ఒక మచ్చ, రా ఫైల్ (కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ఫైల్) అయినా దాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు. మెనూలోకి వెళ్లి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రాం ఆన్ చేయండి, ఎర్ర గీత ఒక్కటే చూడండి, అది కుడి గోడకి వేలెడు దూరంలో ఆగేలా షట్టర్ తెరిచి ఉండే టైం తగ్గించండి.

అప్పుడు స్క్రీన్ మీద సముద్రం నల్లగా, ఫొటో పాడైనట్టు కనిపిస్తుంది. ఇక్కడే జనానికి చెయ్యి ఆగదు, ఒక్క క్లిక్ పెంచుతారు, ఇంకోటి పెంచుతారు, మబ్బు పోయింది. ఆగండి. నలుపుని తర్వాత ఎత్తుకోవచ్చు, పోయిన ఎరుపు రాదు. రంగుల్ని సరిచూసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే కెమెరా ఆ ఎరుపుని తప్పనుకుని సరిదిద్దేస్తుంది, డేలైట్‌లో కట్టేయండి. ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8 నుంచి 11, షట్టర్ పావు సెకను చుట్టుపక్కల. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి 30 సెకన్లు తెరిచి తుఫాను సముద్రాన్ని పాలమీగడలా చేసే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది, విరుచుకుపడే కెరటాన్ని నున్నగా తుడిచేశాక ఇంక తుఫాను ఎక్కడుంది? పావు సెకనులో నురగకి గీతలొస్తాయి, కెరటం కెరటంలాగే ఉంటుంది. ఫోన్ అయితే మబ్బు మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి వెలుగు కిందకి జార్చండి, వెలుగునీ నీడనీ కలిపి సమం చేసే ఆ హెచ్‌డీఆర్ ఆపేయండి.

సెట్టింగ్ ఒకసారి పెట్టి మర్చిపోతే కూడా కుదరదు. వెలుగు గబగబా పడిపోతుంది, రెండు మూడు నిమిషాలకోసారి ఎర్ర గీత చూసుకుని షట్టర్ టైం ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవాలి, లెన్స్ మీద చుక్క పడిందా అని ఆ చేత్తోనే చూసుకోవాలి. సూర్యుడు కొండల వెనక్కి దిగాక సర్దేసుకోకండి. తూర్పున భూమి నీడ కింద నుంచి పైకి లేస్తుంది, అందుకే మబ్బు అడుగు ముందు చల్లారి, పైన పరుచుకున్న అంచు మాత్రం ఇంకా కాసేపు గులాబీ రంగులో ఉంటుంది. జూన్‌లో ఇది ఆరున్నర దాటాక, నవంబరులో 5:20కే, కాబట్టి ఆఫీసు నుంచి వచ్చి వెళ్దామంటే నవంబరులో కుదరదు.

ఇంటికి రాగానే, స్నానం కన్నా ముందు, ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా విప్పి కుళాయి కింద కడిగి ఆరబెట్టండి, కెమెరాని కొంచెం తడి గుడ్డతో తుడవండి. రేపు చేద్దాంలే అనుకుంటే ఆ ఇసకా ఉప్పూ కలిసి కాళ్ల మరలు బిగుసుకుపోతాయి.