రెండు అగరొత్తుల వాసన కలవాలంటే

చందనం, మల్లె అగరొత్తులు విడివిడిగా బ్రహ్మాండంగా ఉండేవి. రెండూ ఒకేసారి వెలిగిస్తే మాత్రం గదంతా పొగే, ఏ వాసనా తెలిసేది కాదు. పైగా తలనొప్పి.

సగం కారణం పుల్లల్లోనే ఉంది. నల్లటి బొగ్గు పుల్లను సెంటులో ముంచి తీసే రకం ఒకటి. చెక్కపొడి, జిగురు, సుగంధ ద్రవ్యాలు కలిపి పుల్లకు చుట్టే మసాలా రకం ఇంకొకటి. ముంచిన రకాలు రెండు కలిస్తే సెంటు ఘాటు తప్ప ఏమీ మిగలదు. అందుకే ఒకటైనా మసాలా రకం ఉండేలా చూసుకుంటున్నాను.

అసలు పని చేసింది మాత్రం ఒకేసారి వెలిగించడం మానేయడమే. చందనం నెమ్మదిగా ఆవిరయ్యే వాసన, కర్టెన్లకూ దుప్పట్లకూ పట్టి చాలాసేపు ఉంటుంది. అందుకని ముందు అది. పూర్తిగా ఆరాక కాసేపు కిటికీ తెరిచి పొగ పోనిస్తాను. తర్వాత మల్లె, అదీ సగానికి విరిచిన పుల్ల, గదికి అవతలి మూల. పొగ పోయినా చందనం అడుగున ఉండనే ఉంటుంది, దాని మీద మల్లె తేటగా తెలుస్తుంది.

కుదిరిందో లేదో గదిలోనే కూర్చుంటే తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. ఓసారి బయట తిరిగి రావాలి.

చందనం బదులు వట్టివేరు కూడా బాగుంటుంది. గులాబీ, సంపెంగ జోడీ ఎలా వెలిగించినా నాకు నచ్చలేదు, రెండూ పోటీ పడతాయి. సాంబ్రాణి దేనితోనైనా కలుస్తుంది గానీ నిప్పు మీద చిటికెడే వేయాలి, ఎక్కువైతే మిగతావాటిని మింగేస్తుంది.