పసిపిల్లల ఫుట్‌బాల్ – 3వ పాఠం: బంతితో నేలా బండా

కిందటి పాఠంలో పాదం లోపలి పక్కతో బంతిని మెల్లగా నెట్టుకుంటూ నడవడం చేయించాం. ఈసారి బంతిని ఆపడం. నాలుగు నుంచి ఆరేళ్ల గుంటలకు గోలు కొట్టడం కన్నా ముందు నేర్పాల్సింది ఇదే. తన్నడం ఎవరూ చెప్పకుండానే వస్తుంది. కాలికింద బంతి నిలవనివాడికి మాత్రం రేపు పాస్ వచ్చినా అందుకోవడం కష్టమే.

మొదట బంతి సంగతి. పెద్దలు ఆడే 5వ నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది. పసికాళ్లకు అది బరువు. 3వ నంబరు బంతి చాలు, చుట్టుకొలత సుమారు 60 సెంటీమీటర్లు. అదీ దొరక్కపోతే రబ్బరు బంతిలోంచి కాస్త గాలి తీసి ఇవ్వండి, దొర్లి దూరం పోదు. ఏదైనా సరే, పిల్లకో బంతి ఉండాలి. పదిమందిని వరసలో నిలబెట్టి ఒక్క బంతితో ఆడిస్తే తొమ్మిదిమంది మట్టిలో బొమ్మలు గీసుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

విజయనగరం అయోధ్య మైదానంలో ఓ మూలైనా, శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో ఓ పక్కైనా, మీ ఊరి బడి ఆవరణైనా సరిపోతుంది. పెద్దవాళ్ల అంగలతో పన్నెండు పొడవు, పన్నెండు వెడల్పు కొలవండి. ఆటకు ముందు మీరే ఒకసారి నడిచి గాజుముక్కలు, పల్లేరుకాయలు ఏరేయండి. మన పిల్లలు చాలామంది ఉత్త కాళ్లతోనే దిగుతారు.

ఇప్పుడు ఆట. నేలా బండా మన వీధుల్లో పిల్లలకు తెలిసిందే కాబట్టి నియమాలు వివరిస్తూ కూర్చోనక్కర్లేదు. ఆ వయసువాళ్లు అరనిమిషం మించి ఉపన్యాసం వినరు. ముగ్గుపిండితో అక్కడక్కడ గుండ్రాలు గీయండి, అవి బండలు. మిగిలినదంతా నేల. నేల దొంగది. దొంగకు బంతి ఉండదు, మిగతా అందరికీ ఉంటుంది. పిల్లలు బంతి నెట్టుకుంటూ నేలమీదికి వచ్చి దొంగను ఉడికించాలి. దొంగ దగ్గరికొస్తే గుండ్రంలోకి పోయి, అరికాలు బంతి మీద పెట్టి ఆగాలి. బంతి గుండ్రం దాటి దొర్లిపోతే బండ ఎక్కినట్టు కాదు. నేర్పదలచినదంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది. బండ మీద మూడు లెక్కపెట్టేవరకే ఉండనివ్వండి. దొరికినవాడు దొంగవుతాడు, పాత దొంగ వాడి బంతి తీసుకుంటాడు. ఎవరినీ ఆటలోంచి బయటికి పంపొద్దు. ముందు ఔటయ్యేది ఎప్పుడూ సాధన ఎక్కువ కావలసినవాడే.

మీరు చూడాల్సింది కాలు. మడమ కిందికి, వేళ్లు పైకి ఉండాలి. అరికాలి ముందుభాగం బంతిని తాకితే చాలు. ఒంటి బరువంతా రెండో కాలిమీద, మోకాలు కొంచెం వంగి ఉండాలి. బంతి మీద బరువు వేసి నిలబడితే అది జారి పిల్ల వెల్లకిలా పడుతుంది, తలకు దెబ్బ తగలొచ్చు. అందుకే "తొక్కకు, ముట్టుకో" అని మళ్లీ మళ్లీ చెప్పండి. కళ్లు బంతికే అతుక్కుపోయి ఇద్దరు గుద్దుకోబోతుంటే "దొంగ ఎక్కడ?" అని అరవండి, తలలు వాటంతటవే లేస్తాయి. బెదురు పిల్ల ఉంటే కాసేపు మీరే దొంగై నెమ్మదిగా నడవండి. రెండో విడత ఎడమ కాలితో. కుడి ఎడమ తెలియని పిల్లలకు ఎడమ పాదం మీద సుద్దముక్కతో గీత గీస్తే సరి.

గట్టున నిలబడి "కొట్టీరా నాన్నా, గట్టిగా కొట్టీ!" అనే తాతయ్యలు ఎలాగూ ఉంటారు. వాళ్లను కసరకండి. మూడు లెక్కపెట్టే పని వాళ్లకు అప్పగించండి. గొంతు ఆటకు పనికొస్తుంది, పిల్లకు గాభరా తగ్గుతుంది.

ఏడెనిమిది నిమిషాల తర్వాత ఉత్సాహం ఉండగానే ఆపి, నీళ్లు తాగించి స్టాట్యూ ఆడించండి. అందరూ బంతితో తిరుగుతుంటారు, మీరు "స్టాట్యూ" అనగానే అరికాలు బంతి మీద, ఒళ్లు శిల. అంతే. మొత్తం అరగంట దాటనివ్వొద్దు. ఎండాకాలం మన ఉక్కపోతలో పొద్దున్న ఎనిమిదిలోపే ముగించండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ముచ్చటగా ఉందని బంతిని తలతో కొట్టించకండి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు దాన్ని ఆపేసింది. ఇంగ్లండ్ సమాఖ్య 2020లో ప్రాథమిక బడి వయసు పిల్లల సాధనలోంచి తీసేయమంది. మన ఆటలో బంతి నేలమీదే ఉండాలి.

వారంలో మూడు సాయంత్రాలు ఇదే ఆడించండి. అయిదు సార్లలో మూడుసార్లు బంతి గుండ్రంలో ఆగుతోందంటే పిల్ల తర్వాతి పాఠానికి సిద్ధం. అందులో గద్దా కోడిపిల్లల ఆటతో బంతిని పక్కకు తిప్పడం నేర్చుకుందాం. పిల్లకొకటి చొప్పున మూరెడు పాతగుడ్డ పీలికలు చింపి ఉంచుకోండి, నడుముకు తోకలుగా దోపడానికి.