జర్నలిజంలో పీజీ: వార్త రాయడం నుంచి వార్తను కొలవడం వరకు

పట్టా మీద జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్ అని ఒకే పేరు కనిపిస్తుంది కానీ, ఆ పేరు కింద రెండు వేర్వేరు చదువులున్నాయి. వార్తను సేకరించి, సరిచూసి, గడువులోగా రాసే వృత్తివిద్య ఒకటి. ఆ వార్త జనంలోకి వెళ్లాక ఏం జరుగుతుందో, అసలు అది అలాగే ఎందుకు తయారైందో పరిశీలించే సమాచార శాస్త్రం రెండోది. విలేకరిగానో, సబ్ ఎడిటర్‌గానో స్థిరపడటమే లక్ష్యమైతే రెండేళ్ల పీజీ తప్పనిసరి కాదు. పత్రికలు స్వయంగా నడిపే జర్నలిజం స్కూళ్లు స్టైపెండ్ ఇచ్చి మరీ ఆ పని నేర్పుతాయి. పీజీలో మాత్రమే దొరికేది రెండోదే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

చేరే ముందు చేయవలసిన మొదటి పని, మీరు ఎంచుకున్న విభాగం సిలబస్ తెచ్చుకొని పరిశోధన పద్ధతులకు ఎన్ని పేపర్లున్నాయో, చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ (విద్యార్థి స్వయంగా చేసి సమర్పించే పరిశోధన వ్యాసం) తప్పనిసరో ఐచ్ఛికమో చూసుకోవడం. మన ప్రాంతంలో ఈ చదువుకు పాత చరిత్రే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం 1954లోనే మొదలైంది. తెలంగాణలోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలు సీపీగెట్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ద్వారా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల సీయూఈటీ పీజీ ద్వారా జరుగుతాయి. ఏ డిగ్రీ చదివినవారైనా సాధారణంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశ పరీక్షకు వర్తమాన వ్యవహారాలు, భాషాజ్ఞానం, మీడియా చరిత్ర చదివితే చాలావరకు సరిపోతుంది కాబట్టి ఆ విషయం ఇక్కడితో వదిలేస్తాను.

మొదటి సెమిస్టర్‌లో విద్యార్థులను బెదరగొట్టేది సిద్ధాంతాల పేపరు. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో, అందులోని ఉదాహరణలు అమెరికావి కావడం వల్ల చాలామంది నిర్వచనాలు బట్టీపట్టి బయటపడతారు. దీనికి పని చేసే మార్గం ఒకటుంది: ప్రతి సిద్ధాంతాన్నీ సొంత తెలుగులో ఒక పేజీకి మించకుండా రాసుకొని, దానిని మనకు తెలిసిన ఒక సంఘటన మీద పెట్టి చూడాలి. ఏ సమస్యలు ముఖ్యమో జనానికి వార్తా మాధ్యమాలే సూచిస్తాయనే ఎజెండా నిర్దేశ సిద్ధాంతాన్నే తీసుకుందాం. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో మెకూంబ్స్, షా అనే పరిశోధకులు చాపెల్ హిల్ పట్టణంలో ఇంకా ఎవరికి ఓటేయాలో తేల్చుకోని వంద మంది ఓటర్లను ప్రశ్నించారు. వారు ముఖ్యమని చెప్పిన సమస్యల వరుసకూ, వార్తా మాధ్యమాలు ప్రాధాన్యమిచ్చిన సమస్యల వరుసకూ దగ్గరి పోలిక ఉందని 1972లో ప్రచురించారు. ఇప్పుడు దీనిని నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమానికి అన్వయించి చూడండి. తెలుగు పత్రికారంగం ఆ ఉద్యమానికి ప్రత్యేకంగా స్థలం కేటాయించింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. అయితే సారా దుకాణాల ముందు నిలబడిన ఆడవాళ్లు పత్రికలు చెప్పాక కదిలారా, వాళ్లు కదిలాక పత్రికలు మేలుకొన్నాయా? ఈ ప్రశ్న వేసుకున్న విద్యార్థికి, రెండు వరుసలు కలిసినంత మాత్రాన ఏది ముందో, ఏది వెనుకో తేలదన్న విమర్శ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

అభివృద్ధి సమాచారం, అంటే అభివృద్ధి కోసం మాధ్యమాలను వాడే తీరు, చదివేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టీవీ పాఠాలు అందించిన సైట్ ప్రయోగం జరిగిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అక్కడ సమాచారం పైనుంచి దిగింది. 2008లో జహీరాబాద్ ప్రాంతంలో ప్రసారాలు ప్రారంభించిన సంఘం రేడియోలో దళిత మహిళా రైతులు తమ విత్తనాల గురించి, తమ పంటల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించినవారికి పరీక్షలో ఆ ప్రశ్న వస్తే కాగితం చాలదు.

మీడియా చట్టాల పేపరుకు గైడ్లు వద్దు. ఒక పత్రికపై నిషేధాన్ని కొట్టివేసిన 1950 నాటి రొమేశ్ థాపర్ తీర్పు, ఆన్‌లైన్ వ్యాఖ్యలకు శిక్ష విధించే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేసిన 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పు, ఈ రెండూ పూర్తిగా చదివితే వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చే, రాజ్యాంగంలోని 19వ అధికరణం ఎలా పని చేస్తుందో బోధపడుతుంది. సమాచార హక్కు చట్టాన్ని మాత్రం చదివి ఊరుకోకూడదు, వాడాలి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది, జవాబు రాకపోతే అప్పీలుకు మరికొంత కాలం పడుతుంది. అందువల్ల ప్రాజెక్టుకు కావలసిన లెక్కల కోసం దరఖాస్తును చివరి సెమిస్టర్ దాకా ఆపకుండా, కనీసం ఆరు నెలల ముందే పెట్టుకోవడం మంచిది.

ఇక అసలు విషయం, డిసర్టేషన్. తొలి పొరపాటు శీర్షికలోనే జరుగుతుంది. ‘తెలుగు పత్రికల్లో మహిళలు’ అనేది పరిశోధనాంశం కాదు, అది గ్రంథాలయంలో పుస్తకాల బీరువాలోని ఒక అరకు పెట్టే పేరు. ‘2024 శాసనసభ ఎన్నికల ప్రచార కాలంలో రెండు దినపత్రికల గుంటూరు జిల్లా పేజీల్లో మహిళా అభ్యర్థుల మాటలను నేరుగా ఎన్నిసార్లు ఉటంకించారు, పురుష అభ్యర్థులవి ఎన్నిసార్లు?’ అన్నది ప్రశ్న. దానికి జవాబు లెక్కించి చెప్పవచ్చు. తప్పయితే మరొకరు తిరిగి లెక్కించి తప్పని చూపవచ్చు.

పత్రికల విషయ విశ్లేషణకు, అంటే వార్తలను వర్గాలుగా విడదీసి లెక్కించే పద్ధతికి, దిగేవారు తెలుగు పత్రికల స్వభావం ఒకటి గుర్తుంచుకోవాలి. మన దినపత్రికలకు ప్రధాన సంచికతో పాటు జిల్లా పేజీలున్నాయి. ఒక జిల్లాలో పతాక శీర్షికైన వార్త పక్క జిల్లాలో సింగిల్ కాలమ్‌గా కూడా కనిపించకపోవచ్చు. కాబట్టి ‘ఫలానా పత్రిక ఈ వార్తను విస్మరించింది’ అని రాసే ముందు ఏ ఎడిషన్ చూశారో చెప్పి తీరాలి. ఈ-పేపర్ పాత సంచికలు ఎప్పటికీ అందుబాటులో ఉంటాయనుకోకుండా, నమూనాలోని ప్రతి పేజీని ఎడిషన్ పేరు, తేదీ, పేజీ సంఖ్యలతో మీ దగ్గర భద్రపరచుకోవాలి.

నమూనా ఎంపికలో వరుసగా ఏడు రోజులు తీసుకుంటే ఆ వారంలో జరిగిన ఏదో పెద్ద సంఘటన ఫలితాలన్నింటినీ మింగేస్తుంది. అందుకే కూర్చిన వారం అనే పద్ధతి వచ్చింది: ఏడాదిలోని సోమవారాలన్నింటిలోంచి చీటీ తీసి ఒకటి, మంగళవారాల్లోంచి మరొకటి, ఇలా సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్కో వారానికి ఒక్కో రోజు చొప్పున ఏడు రోజులు ఏరుకోవాలి. ఒక దినపత్రికకు ఏడాది మొత్తానికి ఇటువంటి వారాలు రెండు, అంటే 14 సంచికలు, సరిపోతాయని రిఫ్, ఆస్ట్, లేసీ అనే పరిశోధకులు 1993లో చూపించారు. ఏడాది సంచికలన్నీ తిరగేయాలని భయపడే విద్యార్థికి ఇది పెద్ద ఊరట.

తరువాతిది కోడింగ్, అంటే నియమాల ప్రకారం ప్రతి వార్తనూ ఒక వర్గంలో చేర్చడం. వార్త అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా అని మీరొక్కరే నిర్ణయిస్తే అది మీ అభిప్రాయం మాత్రమే అవుతుంది. అవే వార్తలను, అవే నియమాలతో స్నేహితుడి చేత విడిగా కోడ్ చేయించి రెండింటినీ పోల్చాలి. వందలో 80 వార్తల దగ్గర ఇద్దరూ ఏకీభవించారనుకోండి, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ నూటికి 80 వార్తలను తటస్థం అనీ, 20 వార్తలను ప్రతికూలం అనీ గుర్తించి ఉంటే, కళ్లు మూసుకొని గుర్తులు పెట్టినా 68 చోట్ల కలుస్తాయి, 0.8ని 0.8తో, 0.2ని 0.2తో గుణించి కూడితే వచ్చేది 0.68. కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా సూత్రం ఆ యాదృచ్ఛిక భాగాన్ని తీసివేస్తుంది. 80లోంచి 68 తీసేస్తే మిగిలే 12ను, వందలోంచి 68 తీసేస్తే మిగిలే 32తో భాగిస్తే 0.375 వస్తుంది. ఘనంగా కనిపించిన 80 శాతం వెనుక ఉన్నది ఇంత బలహీనమైన ఏకీభావం. అప్పుడు చేయవలసింది అంకెను దాచడం కాదు. ‘తటస్థం’ అంటే ఏమిటో నియమాన్ని తిరగరాసి, చిన్న నమూనా మీద మళ్లీ పరీక్షించి, ఆ తరువాతే అసలు కోడింగ్ మొదలుపెట్టడం.

ఇంటర్వ్యూల మీద ఆధారపడేవారికి ఇబ్బంది మరోలా ఉంటుంది. మండల స్థాయి విలేకరులు తమ ఆదాయం గురించి, ప్రకటనల సేకరణ బాధ్యత గురించి పేరుతో మాట్లాడరు, మాట్లాడితే నష్టపోయేది వాళ్లే. అందుకని పేరు మార్చితే సరిపోదు; మండలం, పత్రిక, అనుభవం ఈ మూడూ కలిపి రాస్తే ఆ జిల్లాలో ఎవరైనా మనిషిని గుర్తుపట్టేస్తారు. మాటలను వాళ్లు పలికిన యాసలోనే తెలుగులో రాసుకొని, విశ్లేషణ పూర్తయ్యాకే అవసరమైనంత మేరకు ఇంగ్లీషులోకి మార్చాలి. ముందే మార్చితే ‘గిట్టుబాటు’, ‘మొహమాటం’ వంటి మాటల్లో ఉన్న అర్థం అక్కడే జారిపోతుంది, నిజానికి ఆ మాటల్లోనే పరిశోధనకు కావలసిన సరుకు ఉంటుంది.

అధ్యాపక వృత్తి వైపు వెళ్లదలచినవారు యూజీసీ నెట్‌కు చివరి సెమిస్టర్‌లోనే సిద్ధం కావచ్చు. మూడు గంటల్లో మొదటి పేపరుకు 50, రెండో పేపరుకు 100 ప్రశ్నలుంటాయి. ఒక్కో ప్రశ్నకు రెండు మార్కులు, తప్పు జవాబుకు కోత లేదు. డిసర్టేషన్ కోసం నమూనా, కోడింగ్, కప్పా చేతులారా చేసి చూసినవారు పరిశోధన పద్ధతుల ప్రశ్నలకు విడిగా చదవవలసింది పెద్దగా ఉండదు.