గుడిమల్లం చూడాలంటే కాస్త ఆగి చూడాలి

మా ఇల్లు తిరుపతి. ఏటా నాలుగైదు కుటుంబాలు కొండకొచ్చి, దర్శనం అయ్యాక మా వరండాలో కూర్చుని "ఇంకా ఏం చూడొచ్చు వదినా?" అని అడుగుతాయి. కాణిపాకం, శ్రీకాళహస్తి ఎవరైనా చెబుతారు. నేను గుడిమల్లం శివాలయం అంటాను. చాలామంది వెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చి "చిన్న గుడే కదా" అంటారు. వాళ్ల తప్పేం లేదు, మొదటిసారి నేనూ అంతే చేశాను. మా అత్తగారితో వెళ్లి, దండం పెట్టుకుని, తీర్థం పుచ్చుకుని, ఆటో అబ్బాయి హారన్ కొట్టేలోపు బయటికొచ్చేశాం. ఇంటికొచ్చాక మా ఆడబిడ్డ కొడుకు "పొట్టేలును పట్టుకున్నాడు, చూశావా అత్తా?" అన్నాడు. లింగం మీద మనిషి రూపం ఉందన్న సంగతే నేను గమనించలేదు.

అందుకే, ఏది ముందు, ఏది తర్వాత చూడాలో ఈ వరస.

పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నం గుడి మూసి ఉండొచ్చు, పైగా మా వైపు ఎండ సంగతి మీకు తెలుసు. తిరుపతి నుంచి రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా వెళ్లాలి. ఊరు ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖి నది దగ్గర. బస్సు కోసం చూస్తే సగం రోజు దానికే పోతుంది, రానుపోను ఆటో మాట్లాడుకోండి. "గంటన్నర ఆగాలి" అని ముందే చెప్పండి. అక్కడికెళ్లాక చెబితే బేరం మళ్లీ మొదటికొస్తుంది.

గుళ్లోకి అడుగుపెట్టగానే నేరుగా గర్భాలయానికి పోవద్దు. ముందు ప్రదక్షిణం చేస్తూ వెనక్కి వెళ్లండి. గోడ చదరంగా ఉండదు, గుండ్రంగా తిరుగుతుంది. పడుకున్న ఏనుగు వీపులా ఉంటుందని దీన్ని గజపృష్ఠం అంటారు. బౌద్ధుల పూజామందిరాలైన చైత్యాల్లోనూ ఇదే ఆకారం కనిపిస్తుంది. పల్నాడు జిల్లా చేజెర్లలో కపోతేశ్వరుడి గుడి చూసినవాళ్లకు వెంటనే పోలిక తడుతుంది. ఇప్పుడు కనిపించే రాతి కట్టడం 12వ శతాబ్దంలో విక్రమచోళుడి కాలంలో పునర్నిర్మించింది. అంతకుముందు ఇక్కడ ఇటుక గుడి ఉండేదని తవ్వకాల్లో తేలింది.

గోడల మీద అక్షరాలుంటాయి. చదవలేమని వదిలేయకండి, చదవాల్సిన పని లేదు. ఎక్కువ భాగం తమిళం. పల్లవులు, బాణులు, చోళులు ఒకరి తర్వాత ఒకరు ఈ నేలను ఏలినప్పటివి. తిరుపతి జిల్లాలో తమిళ శాసనమేంటని మా హైదరాబాద్ చుట్టాలు ఆశ్చర్యపోతుంటారు. ఈ ప్రాంతంలో అరవం, తెలుగు ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి, మా వంటింట్లో ఉన్నట్టే. శాసనాల్లో స్వామి పేరు పరశురామేశ్వరుడు అనే ఉంది. గుడిమల్లం అన్న పేరు మాత్రం వాటిలో కనబడదు, ఊరిని తిరువిప్పరంబేడు అన్నారు.

ఇక లోపలికి. అందరూ చేసే పొరపాటు, ఎదురుగా పైకి చూడటం. ఇక్కడ కిందికి చూడాలి. గర్భాలయం నేల ముందు మండపం కన్నా బాగా దిగువన ఉంటుంది. పాత నేల అది. కాలం గడిచేకొద్దీ చుట్టూ కట్టడాలు ఎత్తు పెరిగాయి, స్వామి ఉన్నచోటే ఉన్నాడు. 1973లో ఐ.కె.శర్మ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వినప్పుడు లింగం చుట్టూ చదరపు రాతి కంచె బయటపడింది.

కళ్లు చీకటికి అలవాటుపడేదాకా నిలబడండి. వెనకాల జనం ఉంటే పక్కకు జరిగి వాళ్లను పోనివ్వండి. లింగం దాదాపు ఐదడుగుల ఎత్తు, ముదురు గోధుమరంగు రాయి. పూలు, పంచె చుట్టి ఉంటే బొమ్మ సగం కనబడదు. పూజారిగారిని నెమ్మదిగా "స్వామీ, హారతి కాస్త పక్కనుంచి చూపిస్తారా?" అని అడగండి. ఎదురు వెలుగులో చెక్కడం చదునుగా అనిపిస్తుంది, పక్క వెలుగు పడితే లేచి నిలబడుతుంది. ఫోటో సంగతి అడక్కుండా ఫోన్ తీయొద్దు.

కింది నుంచి పైకి చూడండి. అడుగున ఒక యక్షుడు ఒదిగి ఉంటాడు, శివుడు అతని భుజాల మీద నిలబడ్డాడు. చేతులు రెండే. కుడిచేతిలో వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు (జింక అనేవాళ్లూ ఉన్నారు), ఎడమచేతిలో చిన్న చెంబు, భుజం మీద గొడ్డలి. చెవులకు బరువైన పోగులు. ఒంటి మీద జంధ్యం లేదు. సన్నటి పంచె, ఉందో లేదో అన్నంత పల్చగా. తర్వాతి కాలపు శివుడి గుర్తుల్లో చాలావరకు ఇక్కడ వెతికినా దొరకవు. రెండోసారి తీసుకెళ్లినప్పుడు మా అత్తగారు చాలాసేపు చూసి, "ఈయన మన గొర్రెల కాపరిలా ఉన్నాడే!" అన్నారు. శిల్పశాస్త్రం గురించి నేను చదివిన వాటిలో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

వయసు గురించి ఎవరైనా కచ్చితమైన సంవత్సరం చెబితే నమ్మకండి. ఎక్కువమంది క్రీ.పూ. 2, 1 శతాబ్దాలంటారు, ఇంకా వెనక్కి నెట్టేవాళ్లున్నారు, క్రీస్తు శకంలోకి తెచ్చేవాళ్లూ ఉన్నారు. పురాతత్వవేత్త టి.ఎ.గోపీనాథరావు గత శతాబ్దం మొదట్లో దీని గురించి రాసినప్పటి నుంచీ ఈ వాదన నడుస్తూనే ఉంది. ఏ లెక్క తీసుకున్నా, ఇప్పటిదాకా దొరికిన అతి పాత శివలింగాల్లో ఇదొకటి.

స్థలపురాణం చివర్లో వినండి. ముందే వింటే కళ్లు కథనే చూస్తాయి. తల్లిని చంపిన పాపం పోవడానికి పరశురాముడు ఇక్కడ పూజ చేశాడట. మడుగులో రోజుకొక పువ్వు పూసేదట. దానికి కాపలా పెట్టిన చిత్రసేనుడనే యక్షుడు తానే ఆ పువ్వుతో పూజ చేసేశాడు. ఇద్దరికీ పద్నాలుగేళ్లు యుద్ధం, నేల గుంట పడి 'గుడిపల్లం' అయింది, అదే గుడిమల్లం. ఇప్పుడు మళ్లీ లింగం వైపు తిరిగితే, గొడ్డలి, యక్షుడు కథలో ఎక్కణ్నుంచి వచ్చారో మీకే తడుతుంది. రాయిని చూసి కథ అల్లారని నా అనుమానం, పైకి అంటే మా అత్తగారు ఒప్పుకోరు.

ఆవరణలోనే ఆనందవల్లి అమ్మవారు, సుబ్రహ్మణ్యస్వామి, సూర్యుడు ఉన్నారు, చూసుకోండి. ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా అరుగు మీద కూర్చుని ఉంటే నీళ్ల సంగతి అడగండి. అరవై ఏళ్లకోసారి గర్భాలయంలోకి నీళ్లు ఊరి లింగాన్ని తాకుతాయని చెబుతారు. 2005 డిసెంబరులో వచ్చాయంటారు. ఆ లెక్కన మళ్లీ 2065.

తిరుగుదారిలో పాపానాయుడుపేటలో ఆటో ఆపించండి. గాజు కరిగించి, సన్నటి గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసే ఊరది. గంటన్నర దాటిపోయి ఉంటే ఆటో అబ్బాయికి ముందు టీ ఇప్పించండి, తర్వాత పూసల మాట ఎత్తండి.