టెక్సస్ నల్లరేగడిలో ప్రెయిరీ గడ్డిని తిరిగి పెంచడం

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి పెరటి మట్టి కొత్తగా అనిపించదు. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, వాన పడితే ఉబ్బి చెప్పులకు అంటుకుపోయే నల్లరేగడే అది. రెడ్ నది నుంచి శాన్ ఆంటోనియో వరకు సుమారు 1.2 కోట్ల ఎకరాల్లో పరచుకున్న ఈ నేల మీద ఒకప్పుడు మనిషెత్తు గడ్డి పెరిగేది. ఇలాంటి గడ్డి మైదానాన్నే ప్రెయిరీ అంటారు. మొదట పత్తి సాగు, తరువాత నగరాలు ఆక్రమించడంతో అందులో ఒక శాతం కూడా మిగలలేదు.

కొంత స్థలంలో ఆ గడ్డిని తిరిగి నిలపదలచినవారు ముందుగా అది ఎన్నడైనా దున్నిన నేలా కాదా అని తేల్చుకోవాలి. నాగలి తగలని రేగడిలో మట్టి ఏటేటా ఉబ్బి కుంగడం వల్ల ఏర్పడిన చిన్న దిబ్బలు, గుంటలు ఉంటాయి. వీటిని గిల్గాయ్ అంటారు. అవి కనిపిస్తే విత్తే ఆలోచన మానుకుని, ఉన్నదాన్ని కాపాడటమే మేలు. ఒకసారి పోయినదాన్ని తిరిగి తేవడం అంత తేలిక కాదు: విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1930లలో తిరిగి పెంచడం మొదలుపెట్టిన కర్టిస్ ప్రెయిరీలో కలుపుతో పోరు నేటికీ తీరలేదు.

దున్నిన నేలలో అసలు శత్రువు గరిక. మనం వినాయకుడికి సమర్పించే గరికనే అక్కడ బెర్ముడా గడ్డి పేరుతో పచ్చిక కోసం వేశారు, అది నేలంతా అల్లుకుపోయింది. దీన్ని తవ్వి తీద్దామనుకుంటే తెగిన ప్రతి గణుపూ కొత్త మొక్క అవుతుంది కాబట్టి, జూన్‌లో గడ్డిని నేలబారుగా కోసి, బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను అంచులు మట్టితో మూసి, ఎండలు తగ్గేదాకా ఉంచాలి. ఎకరాల్లో అయితే గరిక పచ్చగా ఉన్నప్పుడు గ్లైఫోసేట్ అనే కలుపు మందును పలుమార్లు పిచికారీ చేయక తప్పదు.

విత్తనం దగ్గరి ప్రాంతపు రేగడి నేలల నుంచి సేకరించినదై ఉండాలి. లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గడ్డి వంటి అక్కడి స్థానిక గడ్డి జాతులతోపాటు, మన జిల్లేడు కుటుంబానికే చెందిన, మోనార్క్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మిల్క్‌వీడ్‌ను కలపాలి. చలి తగిలితేగాని మొలవని గింజలు చాలా ఉన్నందున శరత్కాలంలోనే ఇసుకతో కలిపి చల్లి, పైన మట్టి కప్పకుండా కాలితో అదిమితే చాలు. ఎరువు వేయరాదు, అది కలుపుకే బలం.

మొదటి ఏడాది బలమంతా వేళ్లకే పోతుంది గనుక పైకి కలుపే కనిపిస్తుంది. వంగి చూస్తే, మొదలు చదునుగా నొక్కినట్టు, కాస్త నీలంగా ఉన్న లిటిల్ బ్లూస్టెమ్ పరకలు దొరుకుతాయి. వాటికి వెలుతురు అందేలా ఆరేడు అంగుళాల ఎత్తున కోస్తూ ఉండాలి. తరువాతి సంవత్సరాల్లో సెడార్ (అక్కడి జునిపర్ చెట్టు) మొక్కలు కమ్మకుండా నిప్పు పెట్టడం పాత పద్ధతి. దానికి అనుమతి, అనుభవజ్ఞులు రెండూ కావాలి. ఊళ్లో ఉన్నవారు ఫిబ్రవరి చివర ఎండుగడ్డిని కోసి తొలగించవచ్చు, అయితే ఏటా మూడో వంతు మాత్రమే కోయాలి. మిగతా బోలు కాడల్లో దేశవాళీ తేనెటీగల పిల్లలు ఇంకా నిద్రలోనే ఉంటాయి.